మూడు నెలల షుగరా, పరగడుపు షుగరా? ఒడిశా సరిహద్దు ఊళ్లలో రక్తపరీక్ష ఎంచుకునే ముందు

గుణుపురం స్టేషన్లో విశాఖ రైలు కోసం నిలబడ్డ మనవాళ్ల చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే అందులో ఏముందో అడగక్కర్లేదు. పాత రిపోర్టులు, మందుల చీటీలు, రక్తం ఇచ్చాక తినడానికి కట్టుకున్న ఇడ్లీ. పర్లాకిమిడిలోనూ అంతే, రాయగడలోనూ అంతే. జబ్బు ముదిరాక వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఈ నాలుగైదేళ్లుగా ఏ జబ్బూ లేకుండానే, ముందుగా తెలుసుకుందామని వెళ్లేవాళ్లు పెరిగారు. అది మంచి మార్పే. పదహారేళ్లుగా గుణుపురంలో ల్యాబ్‌లో రక్తం తీస్తున్నవాణ్ణి, కౌంటరు దగ్గర రోజూ వినే మాట ఒకటే: "ఏ టెస్టు చేయించుకోమంటావు బాబూ?"

హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవాళ్లకు చెప్పే జవాబు మనకు పూర్తిగా సరిపోదు. దానికి రెండు కారణాలున్నాయి. ఇక్కడ తీసిన రక్తం చాలాసార్లు వేరే ఊరికి వెళ్లి పరీక్ష అవుతుంది. పైగా మన ప్రాంతంలో రక్తహీనత, సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు), మలేరియా ఎక్కువ. ఈ రెండూ లెక్కలోకి తీసుకోకుండా పరీక్ష ఎంచుకుంటే డబ్బుతోపాటు మనశ్శాంతి కూడా పోతుంది.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

ఫలితం తేడాగా వస్తే చేయగలిగింది ఏమైనా ఉందా? షుగరు హద్దు దగ్గర ఉందని తెలిస్తే తిండి, నడక, మందు ఉన్నాయి. ఏమీ చేయలేని అంకె తెలుసుకుంటే బెంగ ఒక్కటే మిగులుతుంది.

శాంపిల్ ప్రయాణాన్ని తట్టుకుంటుందా? కొన్ని పరీక్షలకు తీసిన రక్తం రెండు రోజులైనా చెడదు. కొన్నింటికి గంట కూడా ఎక్కువే.

మన ఒంట్లో ఇంకేదైనా ఉండి ఆ అంకెను తప్పుదారి పట్టిస్తుందా?

రెండోసారి చేయించుకునే వీలుందా? లక్షణాలేమీ లేనివాళ్లకు ఒక్క రిపోర్టు చూసి షుగరు వ్యాధి అని తేల్చరు, ఇంకో పరీక్షలోనూ అదే రావాలి. ఒక్కరోజు విశాఖ వెళ్లి చేయించుకుని మళ్లీ ఏడాదిదాకా అటు వెళ్లని మనిషికి ఇదే పెద్ద చిక్కు.

షుగరు: మూడు దారులు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి ఎక్కువ చెబుతాను. ముందు అంకెలు:

| పరీక్ష | మామూలు | హద్దు మీద | షుగరు వ్యాధి | ప్రయాణం తట్టుకుంటుందా | రక్తహీనత, సికిల్‌సెల్ ఉంటే |
|---|---|---|---|---|---|
| పరగడుపు షుగరు | 100 లోపు | 100–125 | 126, ఆపైన | కష్టం | నమ్మవచ్చు |
| గ్లూకోజు తాగాక 2 గంటలకు | 140 లోపు | 140–199 | 200, ఆపైన | కష్టం | నమ్మవచ్చు |
| మూడు నెలల షుగరు (హెచ్‌బీఏ1సీ) | 5.7 లోపు | 5.7–6.4 | 6.5, ఆపైన | బాగా తట్టుకుంటుంది | తప్పుదారి పట్టవచ్చు |

మొదటి రెండూ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, మూడోది శాతంలో. పరగడుపు హద్దును ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 నుంచి లెక్కిస్తుంది, కాబట్టి 104 వచ్చిందని ఒక డాక్టరు జాగ్రత్త చెప్పి ఇంకొకరు ఏం ఫర్వాలేదన్నా ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు.

పట్టికలో చివరి రెండు గళ్లు చూడండి. దూరం వెళ్లగలిగే పరీక్షను మన రక్తం తికమక పెడుతుంది. మన రక్తంతో పేచీలేని పరీక్ష దూరం వెళ్లలేదు. సరిహద్దు ఊళ్లవాళ్ల ఇబ్బంది అంతా ఈ ముడిలోనే ఉంది.

పరగడుపు షుగరు ఎందుకు దూరం వెళ్లలేదంటే, ట్యూబులోకి వచ్చాక కూడా ఎర్ర రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. ఒంట్లో 110 ఉన్న షుగరు నాలుగు గంటల తర్వాత 90 లోపు చూపించగలదు. హద్దు మీద ఉన్న మనిషి "అంతా బాగుంది" అనే కాగితం పట్టుకుని ఇంటికి వెళ్తాడు. అందుకే షుగరుకు బూడిదరంగు మూత ఉన్న ట్యూబు వాడతాం. అందులోని ఫ్లోరైడు ఈ తినడాన్ని ఆపుతుంది. కానీ అది పూర్తిగా పట్టుకోవడానికీ గంటా రెండు గంటలు పడుతుంది, ఈలోగా కొంత తగ్గనే తగ్గుతుంది. ఇంటికి వచ్చి రక్తం తీసే కుర్రాడు ఎర్రమూత ట్యూబొక్కటే తీసి సంచిలో వేసుకుని ఇంకో పది ఇళ్లు తిరుగుతున్నాడంటే ఆ షుగరు అంకె మీద నాకు నమ్మకం ఉండదు. పోయిన వేసవిలో మా వీధిలో ఒకాయనకు అలాగే ప్యాకేజీలో పరగడుపు షుగరు 79 వచ్చింది. మర్నాడు పొద్దున మా దగ్గర తీసి, అరగంటలో మెషీన్లో పెడితే 113.

మూడు నెలల షుగరు ఈ విషయంలో నిశ్చింత. వంకాయరంగు మూత ట్యూబులో తీసి ఫ్రిజ్‌లో పెడితే రోజుల తరబడి మారదు. పరగడుపున ఉండక్కర్లేదు. ముందురోజు పెళ్లిభోజనం తిన్నా భయంలేదు. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, ఆ బతికినన్నాళ్లూ దానిలోని హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకుంటూ ఉంటుంది, ఎంత అంటుకుందో కొలిస్తే రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ఈ పరీక్షతో షుగరు వ్యాధిని నిర్ధారించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒప్పుకుంది.

అయితే కణం 120 రోజులు బతికితేనే ఆ లెక్క. సికిల్‌సెల్ వ్యాధి ఉన్నా, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు కణాలు పగిలినా, మలేరియా వచ్చి తగ్గినా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా పాత కణాలు తగ్గిపోతాయి. చక్కెర అంటుకునేంత వ్యవధి ఉండదు, షుగరు ఉన్నా అంకె తక్కువ చూపిస్తుంది. ఇనుము లోపంతో రక్తం తక్కువైతే దీనికి తిరగబడుతుంది: కణాలు మామూలుకంటే ఎక్కువకాలం తిరుగుతాయి, షుగరు లేకపోయినా అంకె పెరుగుతుంది. బీ12 లోపమూ ఇలాగే పెంచుతుంది.

ఇది మా ఇంట్లోనే జరిగింది. మా అక్కకు 44 ఏళ్లు. రెండేళ్ల కిందట ఆవలి ఊళ్లో చేయించుకుంటే మూడు నెలల షుగరు 6.6 వచ్చింది. ఆ ఒక్క అంకె చూసి మాత్రలు రాసిచ్చారు. రెండు నెలలు వేసుకుంది, అన్నం మానేసింది, పండగపూట బూరె ముక్క కూడా నోట పెట్టలేదు. రాఖీకి వచ్చినప్పుడు దాని గోళ్లు చూశాను, తెల్లగా పాలిపోయి గరిటెల్లా గుంటలు పడి ఉన్నాయి. హిమోగ్లోబిన్ చూస్తే 8.1. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని ఎవరికీ చెప్పలేదట. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు మాత్రలు ఆపించి, కొన్ని వారాలయ్యాక గ్లూకోజు తాగించి చూశారు. రెండు గంటలకు 128. ఇనుము మాత్రలు వాడి రక్తం పట్టాక మూడు నెలల షుగరు 5.6కి దిగింది. దానికి షుగరు లేదు, రక్తం లేదు. మొదటే చూసి ఉంటే ఆరు నెలల బెంగ తప్పేది.

అందుకే నా మాట ఇది. రాయగడ, గజపతి, కోరాపుట్ వైపు ఉన్నవాళ్లు మూడు నెలల షుగరు ఒక్కటే చేయించుకోవద్దు. దాంతోపాటు పూర్తి రక్తకణాల లెక్క, అంటే సీబీసీ చేయించండి. రెండూ ఒకే వంకాయరంగు ట్యూబులో అయిపోతాయి, ఇంకోసారి పొడిపించుకోనక్కర్లేదు. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 దాటి, కణాల సైజు కూడా మామూలుగా ఉంటే మూడు నెలల షుగరును చాలావరకు నమ్మవచ్చు. తక్కువుంటే పరగడుపు షుగరు మీద ఆధారపడండి, అదీ ఊళ్లోనే, వెంటనే పరీక్ష చేసేచోట. పరగడుపు షుగరూ మూడు నెలల షుగరూ ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే రెంటిలో ఒకటి ఎంచుకుని తృప్తిపడకండి. రక్తంలో ఇంకేదైనా తేడా ఉందేమోనని డాక్టరును అడగండి.

గ్లూకోజు తాగే పరీక్ష అన్నింటికన్నా నిఖార్సైనది, ఓపిక కావలసినది కూడా. 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటలు కూర్చోవాలి. అందరికీ అక్కర్లేదు. గర్భిణులకు మాత్రం ఇదే. మూడు నెలల షుగరు వాళ్లకు సరిపోదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కడుపుతో ఉన్నవాళ్లు తిని వచ్చినా సరే గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 దాటితే జాగ్రత్త మొదలవుతుంది.

వేలిచివర పొడిచే మీటరు కూడా చేయగలిగింది చేస్తుంది. రక్తం ఎక్కడికీ వెళ్లదు, అక్కడికక్కడే చదువుతుంది. అనుమానం తీర్చుకోవడానికి బాగుంటుంది, వ్యాధి అని తేల్చడానికి కాదు. రక్తం బాగా తక్కువున్నవాళ్లకు ఇది కాస్త ఎక్కువ చూపించవచ్చు.

సికిల్‌సెల్ పరీక్ష గురించి ఒక మాట

"అది కొండమీదివాళ్ల జబ్బు కదా, మనకెందుకు" అనేమాట మన తెలుగు ఇళ్లలో తరచూ వింటాను. ఆ మాట తప్పు. ఆదివాసీల్లో ఎక్కువున్నమాట నిజమే, మిగతా కులాల్లోనూ ఉంది. మన దేశంలో ఈ వ్యాధి కొందరిలో మెత్తగా ఉంటుంది, పెద్దయ్యేదాకా బయటపడదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమంలో గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లకు ఉచితంగా చూస్తున్నారు. ఆశా దీదీ వచ్చి పేరు రాసుకుంటానంటే పంపేయకండి. బతుకంతటికీ ఒక్కసారి చాలు. ఆ కార్డు దగ్గరుంటే తర్వాత ఏ ల్యాబులోనైనా మూడు నెలల షుగరు రిపోర్టును ఎలా చదవాలో తెలుస్తుంది, పిల్లల పెళ్లి సంబంధాలప్పుడూ పనికొస్తుంది.

కిడ్నీ: రక్తంలో చూడాలా, మూత్రంలో చూడాలా

పర్లాకిమిడి నుంచి పాతపట్నం, టెక్కలి దాటితే పలాస. అటు బరంపురం నుంచి దిగితే ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి. ఉద్దానం కిడ్నీ జబ్బు తెలియని తెలుగు ఇల్లు మన వైపు లేదు. మన బంధుత్వాలు కూడా అటే. కాబట్టి కిడ్నీ పరీక్ష ఎంపిక మనకు పుస్తకాల్లో ఉన్నంత తేలిక కాదు.

ఉన్నవి రెండు. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం, ఎంతుందో చూడటం ఒకటి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని చూడటం రెండోది, దీన్ని ఏసీఆర్ అంటారు.

షుగరు, బీపీ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో ముందు చెప్పేది సాధారణంగా మూత్రమే. క్రియాటినిన్ పెరగకముందే మూత్రంలో ఆల్బుమిన్ కనిపిస్తుంది. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే లెక్కలోకి వస్తుంది. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి తప్పకుండా చేయించుకోవాలి. ఖర్చు తక్కువ, సూది లేదు, అయినా ఎవరూ అడగరు. నన్నడిగితే షుగరువాళ్లు ఎక్కువగా వదిలేసే పరీక్ష ఇదే. పొద్దున లేవగానే పోసిన మూత్రం ఇవ్వాలి. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో మంట ఉన్నప్పుడు, ముందురోజు పొలంలో ఒళ్లు హూనమయ్యేలా పనిచేసినప్పుడు ఇవ్వకండి, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది.

ఉద్దానం తరహా జబ్బులో మాత్రం మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. మొదట్లో బీపీ కూడా పెరగకపోవచ్చు. మూత్రం బాగుందని ఊరుకుంటే మోసపోతాం. అటువైపు పుట్టి పెరిగినవాళ్లు, అక్కడి తోటల్లో ఏళ్ల తరబడి కూలికి వెళ్లినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరిగినవాళ్లు క్రియాటినిన్ చేయించుకోవలసిందే.

క్రియాటినిన్ అంకెను కూడా అలాగే చదవకూడదు. రిపోర్టులో 1.1 ఉంటే పక్కన మామూలు అనే రాసి ఉంటుంది. పాతికేళ్ల మగపిల్లాడికి 1.1 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి 95 మిల్లీలీటర్ల దగ్గర, నిక్షేపంగా ఉన్నట్టు. అరవై ఏళ్ల ఆడమనిషికి అదే 1.1 అంటే 57 దగ్గర. 60 కిందికి దిగి మూడు నెలలపాటు అలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒకే అంకె, ఒకరు బాగున్నట్టు, ఒకరు ఆలోచించవలసినట్టు. అందుకే ఈజీఎఫ్ఆర్, అంటే ఈ వడపోత లెక్క, వేసి ఇమ్మని ల్యాబును అడగండి. వయసు, ఆడ మగ తెలిస్తే లెక్క కట్టేయవచ్చు, వేరే రక్తం అక్కర్లేదు. బక్కపల్చటి మనుషుల్లో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ ఇంకా తక్కువే కనిపిస్తుంది, ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.

కొలెస్ట్రాల్

ఇందులో పెద్ద తికమక లేదు. మామూలు లిపిడ్ పరీక్షకు ఇప్పుడు చాలామందికి పరగడుపు అక్కర్లేదు, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 400 దాటితేనే మళ్లీ పరగడుపున చూస్తారు. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, వేరు చేసి పంపితే ప్రయాణమూ ఫర్వాలేదు. ఇంట్లో తండ్రికో అన్నకో 55 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే లైపోప్రోటీన్ (ఏ) అనే పరీక్ష జీవితంలో ఒకసారి చేయించండి. అది పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా జాగ్రత్తలు గట్టిగా పట్టాలని అర్థం.

అన్నీ ఒకేసారి చేసే ప్యాకేజీ తీసుకోవాలా?

డెబ్బై పరీక్షలు, సగం ధర, ఇంటికే వచ్చి తీసుకుంటారు. ఆశ కలగడం సహజం. కానీ ఒక లెక్క చూడండి. రిపోర్టులో పక్కన రాసే మామూలు హద్దులు ఆరోగ్యంగా ఉన్న వందమందిలో 95 మంది ఎక్కడుంటారో చూసి గీసినవి. అంటే ఏ జబ్బూ లేకపోయినా ఒక్కో పరీక్షలో ఐదుగురు బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేయిస్తే నిక్షేపంలాంటి మనిషికి కూడా ఏదో ఒకటి తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. డెబ్బై చేయిస్తే చెప్పనే అక్కర్లేదు. బోల్డు అక్షరాల్లో వచ్చిన ఆ ఒక్క అంకె పట్టుకుని మళ్లీ స్కానింగు, మళ్లీ రైలు, మళ్లీ కూలి పోగొట్టుకోవడం.

ప్యాకేజీలో కొన్నిసార్లు క్యాన్సర్ మార్కర్లు, అంటే కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థాల పరీక్షలు, కూడా కలుపుతారు. సీఏ-125, సీఈఏ వంటివి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో క్యాన్సర్ వెతకడానికి పనికిరావు. సీఏ-125 నెలసరిలోనూ, పొట్టలో టీబీ ఉన్నా పెరుగుతుంది. సీఈఏ చుట్ట, బీడీ తాగేవాళ్లలో పెరుగుతుంది. బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా ఆడవాళ్లతో ఏళ్ల తరబడి జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి: సీఏ-125తో ఏటా వెతికినా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. వీటిని క్యాన్సర్ ఉందని తేలినవాళ్లలో చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి వాడతారు. ముందుగా పట్టుకోవాలనుకుంటే నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు మేలు. 30 దాటినవాళ్లకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో బీపీ, షుగరుతోపాటు అవి కూడా ఉచితం.

సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగేది), విటమిన్-డి వంటివి డాక్టరు ఫలానా కారణంతో అడిగితే చేయించండి. జ్వరం తగ్గిన వారంలో గుండె కోసమని సీఆర్‌పీ చూస్తే ఆ అంకె జ్వరం సంగతే చెబుతుంది.

ఎక్కడ ఇవ్వాలి

ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి: ఒడిశాలో నిదాన్ పథకం కింద పరీక్షలు ఉచితం. క్యూ ఉంటుంది, చీటీ ఒడియాలో ఉంటుంది, కానీ రక్తం తీసిన చోటే చూస్తారు. పరగడుపు షుగరుకు ఇదే నా మొదటి ఎంపిక. ఫలితం తేడాగా వస్తే రేపు మళ్లీ వెళ్లొచ్చు.

ఊళ్లో ప్రైవేటు ల్యాబు: "షుగరు ఇక్కడే చేస్తారా, పంపిస్తారా" అని అడగండి. పంపిస్తామంటే ఎన్ని గంటలకు వెళ్తుందో, సీరం ఇక్కడే వేరు చేస్తారో లేదో అడగండి. అడిగినందుకు నిజాయితీగా పనిచేసేవాళ్లెవరూ చిరాకుపడరు.

విశాఖ, శ్రీకాకుళం, బరంపురంలోని ఎంకేసీజీ, కోరాపుట్ మెడికల్ కాలేజీలు: హిమోగ్లోబిన్ రకాలు తేల్చే హెచ్‌పీఎల్‌సీ వంటి పెద్ద పరీక్షలకు వెళ్లండి. షుగరు, క్రియాటినిన్ కోసమే అయితే అంతదూరం పోనక్కర్లేదు.

మీరెవరైతే ఏది

ముప్పై దాటి, ఏ ఇబ్బందీ లేనివాళ్లు: ఊళ్లో ఉచితంగా చూసే బీపీ, షుగరు, ఒక సీబీసీ. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే లిపిడ్ కూడా.

అమ్మకో నాన్నకో షుగరు ఉన్నవాళ్లు: పరగడుపు షుగరు ఊళ్లోనే, మూడు నెలల షుగరు సీబీసీతో కలిపి. రెండూ పొంతన కుదిరితే తర్వాతి ఏళ్లలో ఏదో ఒకటి చాలు.

నెలసరిలో రక్తం ఎక్కువ పోయేవాళ్లు, ఈమధ్యే కాన్పైనవాళ్లు, మలేరియా వచ్చి లేచినవాళ్లు: మూడు నెలల షుగరు కొన్నాళ్లు ఆపండి. ముందు రక్తం పట్టనివ్వండి.

షుగరు ఉందని ఇప్పటికే తేలి, సికిల్‌సెల్ కూడా ఉన్నవాళ్లు: మందు ఎంత పనిచేస్తోందో చూడటానికి ఫ్రక్టోసమిన్ అనే పరీక్ష ఉందని డాక్టరుతో అనండి. హిమోగ్లోబిన్‌తో దానికి పనిలేదు, రెండు మూడు వారాల సగటు చెబుతుంది. రక్తంలో ఆల్బుమిన్ బాగా తక్కువున్నప్పుడు మాత్రం అదీ తప్పుతుంది. ఇలాంటివాళ్లకు ఇంట్లో మీటరు పెట్టుకుని రాసుకున్న అంకెలే పెద్ద ఆధారం.

వేసే మందులు మాత్రం ఏ రిపోర్టు చూసీ మీ అంతట మీరు మానకండి. మా అక్క మాత్రలు ఆపింది కూడా డాక్టరు చెప్పాకే.

ఇప్పుడు అది ఏడాదికోసారి మా ల్యాబుకే వస్తుంది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతూ, "ముందు రక్తం ఎంతుందో చూడరా, షుగరు సంగతి తర్వాత" అంటుంది. నేను వంకాయరంగు మూత ట్యూబు తీస్తాను.